రోజువారీ లెన్సులా, నెలవారీ లెన్సులా? ఖర్చుకూ కంటికీ ఏది మేలు

మా ఇంట్లో కాంటాక్టు లెన్సులు వాడేవాళ్ళం ఇద్దరం ఉన్నాం. నేను వారానికి ఐదు రోజులు, ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో బండి తీసినప్పటి నుంచి సాయంత్రం మాదాపూర్ ఆఫీసు నుంచి తిరిగి వచ్చేదాకా పెట్టుకుంటాను. మా చెల్లెలు పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ మాత్రమే, నెలకు మూడు నాలుగు సార్లు పెట్టుకుంటుంది. మొదట్లో ఇద్దరం ధర తక్కువని నెలవారీ లెన్సులే కొన్నాం. నాకు ఆ ఎంపిక కుదిరింది, ఆమెకు కుదరలేదు. ఒకే సరుకు ఒకరికి చవకగానూ ఇంకొకరికి ఖరీదుగానూ ఎలా మారిందో తెలిస్తే కొత్తగా కొనేవాళ్ళకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ముందుగా నెలవారీ అనే మాటకు అర్థం సరిగా తెలుసుకోవాలి. పొట్లం చించిన రోజు నుంచి 30 రోజులు అని దాని అర్థం, 30 సార్లు పెట్టుకోవచ్చని కాదు. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది. మా చెల్లెలు శ్రావణమాసపు పెళ్ళిళ్ళకు తెరిచిన జతను డబ్బీలో దాచి, మాఘమాసం ముహూర్తాలకు మళ్ళీ తీసింది. "అక్కా, ఆరు సార్లు కూడా పెట్టుకోలేదు, అప్పుడే ఎందుకు పారెయ్యాలి?" అని నన్నే అడిగింది. ఆ రాత్రికి ఒక కన్ను ఎర్రబడి నీరు కారడం మొదలైంది. మర్నాడు చూసిన కంటి డాక్టరు అదృష్టవశాత్తు కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద పుండు లేదని చెప్పి, చుక్కల మందు రాసి, వారం రోజులు లెన్సులు ముట్టవద్దన్నారు. డబ్బీలో నెలల తరబడి మార్చకుండా ఉంచిన, లెన్సులను శుభ్రపరిచే ద్రవమైన సొల్యూషన్‌కు సూక్ష్మజీవులను చంపే శక్తి మిగలదు. వాడకుండా నిల్వ ఉంచాలంటే ఎన్నాళ్ళకు ఒకసారి సొల్యూషన్ మార్చాలో సీసా మీదే రాసి ఉంటుంది, కానీ దాన్ని చదివేవాళ్ళు తక్కువ. రోజువారీ లెన్సుకు ఈ బాధ లేదు. ఉదయం కొత్త జత తెరిచి పెట్టుకుంటాం, రాత్రి తీసి పారేస్తాం, డబ్బీతోనూ సొల్యూషన్‌తోనూ పనే ఉండదు.

ఇక ఖర్చు సంగతి. అబిడ్స్, కోఠీ ప్రాంతాల్లోని నాలుగైదు ఆప్టికల్ దుకాణాల్లో నేను విచారించినప్పుడు రోజువారీ లెన్సులు జత దాదాపు 110 రూపాయలు, మంచి రకం నెలవారీ లెన్సులు జత దాదాపు 700 రూపాయలు పలికాయి. సొల్యూషన్‌కు నెలకు సగటున ఇంకో 250 రూపాయలు కలుపుకోవాలి. ధరలు మారవచ్చు కాని లెక్క వేసే పద్ధతి మారదు. నెలవారీ లెన్సులు వాడే మనిషికి ఒక్కరోజు పెట్టుకున్నా ముప్పై రోజులు పెట్టుకున్నా నెలకు 950 రూపాయలు ఖర్చవుతాయి. అదే డబ్బుకు రోజువారీ జతలు ఎనిమిదీ తొమ్మిదీ మధ్య వస్తాయి. అంటే వారానికి రెండు రోజులు పెట్టుకునేవారికి రెండూ సమానమే. అంతకన్నా తక్కువగా పెట్టుకునేవారికి రోజువారీవే చవక, ఎక్కువగా పెట్టుకునేవారికి నెలవారీవి చవక. నాలుగు రోజులు వాడే మా చెల్లెలికి రోజువారీ లెన్సులతో 440 రూపాయలు సరిపోతాయి. ఇరవై రెండు రోజులు వాడే నాకు అవే 2,420 రూపాయలు అవుతాయి కాబట్టి నేను నెలవారీ లెన్సులతోనే ఉండిపోయాను.

పెట్టె మీది అంకె కూడా చాలామందిని తికమకపెడుతుంది. రోజువారీ లెన్సుల పెట్టెలో 30 ఉన్నాయంటే రెండు కళ్ళకూ కలిపి 15 రోజులకే వస్తాయి. రెండు కళ్ళకూ వేర్వేరు పవర్ ఉంటే ఒక్కో కంటికి ఒక్కో పెట్టె కొనాలి. నెలవారీవి ఆరు ఉన్న పెట్టె, పవర్ ఒకటే అయితే మూడు నెలలకు, వేరైతే రెండు పెట్టెలు కలిపి ఆరు నెలలకు సరిపోతుంది.

ఏడాది పొడవునా ఒకే జత వాడే లెన్సులు కూడా మన దుకాణాల్లో దొరుకుతాయి, చవక అనగానే ముందు వాటినే చూపిస్తారు. నేను వాటిని ఎవరికీ సలహా ఇవ్వను. కన్నీటిలోని మాంసకృత్తులూ కొవ్వూ లెన్సు మీద పేరుకుని నెలలు గడిచేకొద్దీ గరుకుగా మారి, పై రెప్ప లోపల దురదా కురుపులూ తెచ్చిపెడతాయి. సొల్యూషన్ ఖర్చు ఎలాగూ తప్పదు. ఒక్కసారి గోరు తగిలి చిరిగిందంటే ఏడాది కోసం పెట్టిన డబ్బంతా ఒక్క క్షణంలో పోతుంది.

రోజుకు ఎనిమిది గంటలు దాటి వాడేవారు ధరతోపాటు లెన్సు ఏ పదార్థంతో చేసిందో కూడా చూడాలి. కార్నియాకు రక్తనాళాలు లేవు కనుక అది ఆక్సిజన్‌ను నేరుగా గాలి నుంచి, కన్నీటి ద్వారా తీసుకుంటుంది. లెన్సు ఆ దారికి అడ్డంగా కూర్చుంటుంది. నీటిని పీల్చుకునే మెత్తటి ప్లాస్టిక్‌తో చేసిన పాత తరహా హైడ్రోజెల్ లెన్సుల్లో ఆక్సిజన్‌ను పోనిచ్చే గుణాన్ని తెలిపే డీకే అనే అంకె సాధారణంగా 9 నుంచి 30 దాకా ఉంటుంది. దానికి సిలికోన్ కలిపి చేసిన, 1999లో మార్కెట్లోకి వచ్చిన సిలికోన్ హైడ్రోజెల్ రకాల్లో చాలావాటికి అది వందకు పైనే. ఈ కొత్త రకపు బయోఫినిటీ లెన్సుకు 128 అయితే, నీరు 59 శాతం ఉండే పాత రకం సాఫ్‌లెన్స్ 59కి దాదాపు 22. నీటి శాతం ఎక్కువున్న లెన్సు కంటిని తడిగా ఉంచుతుందని అమ్మేవారు చెబుతుంటారు. ఏసీ గదిలో రోజంతా కూర్చునేవారి విషయంలో నా అనుభవం దీనికి విరుద్ధం, ఎందుకంటే నీరెక్కువున్న లెన్సు త్వరగా ఆరిపోయి, ఆ తడిని మళ్ళీ కన్నీటి నుంచే పీల్చుకుంటుంది. నెలకు మూడు వందలు ఆదా అవుతాయని మొదట నేను హైడ్రోజెల్ నెలవారీ లెన్సులే తీసుకున్నాను. సాయంత్రం నాలుగయ్యేసరికి నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి జీరలు కనిపించేవి. సిలికోన్ హైడ్రోజెల్‌కు మారిన రెండు వారాల్లో అవి పోయాయి. ఆ మూడు వందలు మిగిల్చుకోవాల్సిన డబ్బు కాదు.

ఎక్కడ కొనాలి అన్నది తరువాతి ప్రశ్న. ఆన్‌లైన్‌లో తక్కువకు దొరికే మాట నిజమే. కానీ మొదటి జత మాత్రం కళ్ళకు కొలత తీసి, నమూనా లెన్సు పెట్టి, పావుగంట కూర్చోబెట్టి, అది కంటి మీద ఎలా కదులుతోందో స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద చూసేచోటే తీసుకోవాలి. నా కళ్ళద్దాల నంబరు మైనస్ 6.50. నేను మొదట వెళ్ళిన దుకాణంలో ఏ పరీక్షా లేకుండా అదే నంబరు లెన్సులు చేతిలో పెట్టారు. కళ్ళద్దాలు కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి, లెన్సు కంటినే అంటి ఉంటుంది. అందువల్ల నంబరు 4 దాటినవారికి లెన్సు పవర్ మార్చి ఇవ్వాలి, నా లెక్కకు అది మైనస్ 6.00 అవుతుంది. అరపాయింటు ఎక్కువున్న లెన్సులతో నెల రోజులు కంప్యూటరు ముందు కూర్చుని, కణతల దగ్గర నొప్పి వస్తుంటే లెన్సులు నాకు పడవేమో అనుకున్నాను. బంజారాహిల్స్‌లో 1987 నుంచి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉన్న ఊరు మనది. ఒక్క పూట సెలవు పెట్టి సరైన చీటీ రాయించుకుంటే, దానిలోని పవర్, బేస్ కర్వ్ (లెన్సు లోపలి వంపు), వ్యాసం, బ్రాండు ప్రకారం తరువాతి పెట్టెలు ఎక్కడ తక్కువకు దొరికితే అక్కడ, సీలూ గడువు తేదీ చూసి కొనుక్కోవచ్చు. కార్నియా వంపు అన్ని వైపులా సమంగా లేనివారికి రాసే సిలిండర్ పవర్ చెప్పుకోదగ్గంత ఉంటే, దాన్ని సరిదిద్దే టోరిక్ లెన్సులు కావాలి, అవి ఎక్కువ ఖరీదు.

ఇక మన ఇళ్ళలో అందరికీ అలవాటైన ఒక తప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి. డబ్బీని కుళాయి నీళ్ళతో కడగడం, సొల్యూషన్ అయిపోయిన రాత్రి లెన్సును ఫిల్టరు నీళ్ళలో వేయడం, ఇవి చాలా ప్రమాదం. సంపులోనూ మిద్దెమీది ట్యాంకులోనూ నిల్వ ఉండే నీటిలో అకాంతమీబా అనే ఏకకణజీవి ఉండవచ్చు. అది కార్నియాలోకి చేరితే భరించలేని నొప్పితో మొదలై నెలల తరబడి వైద్యం చేయించుకోవలసి వస్తుంది, చూపు పోయినవారూ ఉన్నారు. నీళ్ళ సంపర్కం ఎంత తక్కువైతే అంత మేలు కాబట్టి తలస్నానం చేసే ముందూ ఈతకు దిగే ముందూ లెన్సులు తీసేయాలి. డబ్బీని సొల్యూషన్‌తోనే కడిగి, బోర్లించి ఆరబెట్టి, మూడు నెలలకు ఒకసారి మార్చాలి. నిన్నటి సొల్యూషన్ మీద ఇవాళ్టిది పొయ్యకూడదు. సెలైన్ అని రాసి ఉన్న సీసా చవకగా దొరుకుతుంది కాని అది కడగడానికే తప్ప క్రిములను చంపదు. ఈ జాగ్రత్తలు తప్పకుండా పాటించగలనన్న నమ్మకం లేనివారు వారానికి ఐదు రోజులు వాడేవారైనా రోజువారీ లెన్సులే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అలవాటు పడడానికి రెండు వారాలు పడుతుందనుకోండి. మొదటి రోజు నాలుగు గంటలు, ఆ తరువాత రోజుకు గంటో రెండు గంటలో పెంచుకుంటూ పోవాలి. పెట్టుకునే ముందు లెన్సును చూపుడువేలి కొన మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా పక్కనుంచి చూడాలి. గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు ఉన్నట్టు, అంచులు పళ్ళెం అంచుల్లా బయటికి వాలితే తిరగబడినట్టు. నాకు పెట్టుకోవడం పది నిమిషాల్లో వచ్చింది, తీయడానికి మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది. పైకి చూస్తూ లెన్సును తెల్లగుడ్డు మీదికి కిందికి జరిపి, రెండు వేళ్ళ మెత్తతో మెల్లగా చిటికె పట్టాలి. కంటి వెనక్కి జారిపోతుందని భయం అక్కర్లేదు, రెప్పల లోపలి పొర అక్కడే మడతపడి ఉండి దారి మూసేస్తుంది. మైనస్ నంబరు ఎక్కువున్నవారికి కళ్ళద్దాలతో చిన్నగా కనిపించిన వస్తువులు లెన్సులతో కాస్త పెద్దగా కనిపిస్తాయి. మొదటి రెండు రోజులు మెట్లు దిగేటప్పుడు నేను గోడ పట్టుకున్నాను. నలభైకి చేరువైన మైనస్ నంబరువారికి దగ్గరి అక్షరాలు కళ్ళద్దాలతో కన్నా లెన్సులతో కొంచెం కష్టంగా అనిపిస్తాయి.

బండి మీద హెల్మెట్ అద్దం మూసుకుంటే దుమ్ము చాలావరకు ఆగుతుంది. కంప్యూటరు చూస్తుంటే రెప్పవాల్చడం తగ్గిపోతుంది కనుక కావాలని రెప్పలార్పడం అలవాటు చేసుకోవాలి, లెన్సులతో వాడదగినవని రాసి ఉన్న చుక్కలు దగ్గర ఉంచుకోవాలి. కాటుక లెన్సు పెట్టుకున్న తరువాత, రెప్ప అంచుకు బయటి వైపే దిద్దుకోవాలి. పచ్చిమిరపకాయలు తరిగిన రోజు సబ్బుతో ఒక్కసారి కడిగితే చాలదు. నేనైతే వంట మొదలుపెట్టే ముందే లెన్సులు తీసి కళ్ళద్దాలు పెట్టుకుంటాను. లెన్సులు వచ్చాయి కదా అని కళ్ళద్దాల నంబరు మార్పించుకోవడం మానకూడదు, రాత్రిపూటకూ కన్ను అలసిన రోజుకూ అవే ఆధారం. లెన్సులతో నిద్రపోవడం కునుకుపాటుకైనా వద్దు.

ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా లెన్సు తీసి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మందుల దుకాణంలో అడిగి స్టిరాయిడ్ చుక్కలు వేసుకోకూడదు. తీసిన లెన్సునూ డబ్బీనీ పారేయకుండా వెంట తీసుకెళ్తే, అవసరమైనప్పుడు వాటినే ల్యాబులో పరీక్షించి ఏ క్రిమి సోకిందో తేల్చడానికి వీలవుతుంది.