ఓబీడీ అడాప్టర్ రివ్యూ: చలికాలంలో చిన్న దూరాలే తిరిగే కారుకి పనికొస్తుందా?

చలికాలంలో కారు రోజుకి నాలుగైదు కిలోమీటర్లే తిరుగుతోందంటే ఇంజిన్ సుఖంగా ఉందనుకుంటారు చాలామంది. నిజానికి దాన్ని ఎక్కువగా అరగదీసేది ఈ రకం తిరుగుడే. ఆ సంగతి నంబర్లతో సహా చూపించే వస్తువు ఓబీడీ అడాప్టర్. అగ్గిపెట్టెంత ఉంటుంది, స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెట్టి ఫోన్‌కి కలిపితే ఇంజిన్ కంప్యూటర్ చూస్తున్న రీడింగులు యాప్‌లో కనిపిస్తాయి. ఎక్కువమంది చెక్ ఇంజిన్ లైట్ వెలిగినప్పుడు కోడ్ చదవడానికి కొంటారు, నేను కొన్నది టెంపరేచర్లు చూడటానికి, అందుకే ఈ రివ్యూ కూడా ఆ పని గురించే.

పెట్టుకోవడం సులువు. ఫోన్ సంగతి మాత్రం ముందే చూసుకోండి, పాత రకం బ్లూటూత్ అడాప్టర్లు ఆండ్రాయిడ్‌తో పనిచేస్తాయి గానీ ఐఫోన్‌తో మామూలుగా కలవవు, దానికి బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై ఉన్నది తీసుకోవాలి.

ఇక అసలు విషయం. డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటాం. ఆ ముల్లు చెప్పేది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) సంగతి, అదీ ఉజ్జాయింపుగా, ఎందుకంటే చాలా కార్లలో కూలెంట్ వేడి కాస్త పెరిగినా తగ్గినా ముల్లు కదలకుండా మధ్యలోనే ఉండేలా పెడతారు. ఆయిల్ సంగతి అది చెప్పదు. యాప్‌లో కూలెంట్, ఆయిల్ రెండూ పక్కపక్కన పెట్టుకుని నడిపితే తెలిసింది, కూలెంట్ 80 డిగ్రీలు దాటే సమయానికి ఆయిల్ ఇంకా 50 దగ్గరే ఉంటోంది. ఈలోపు వెళ్లాల్సిన చోటు వచ్చేస్తుంది, ఇంజిన్ ఆపేస్తాం. అంటే బయల్దేరిన దగ్గర్నుంచి ఆపేదాకా ఆయిల్‌కి కావాల్సిన వేడి ఒక్కసారీ అందలేదన్నమాట.

దీనివల్ల ఏమవుతుందంటే, పెట్రోలు మండితే నీరు పుడుతుంది, లీటరు పెట్రోలుకి దాదాపు లీటరు నీరు. చాలావరకు ఆవిరిగా సైలెన్సర్ దారిన పోతుంది, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి, చల్లగా ఉన్న ఇంజిన్ లోపల నీరుగా మారి ఆయిల్‌లో కలుస్తుంది. పైగా చల్లటి ఇంజిన్ సరిగ్గా నడవాలని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపిస్తుంది, అందులో కాలకుండా మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ అదీ కిందికే చేరుతుంది. పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఈ బాధ ఇంకా ఎక్కువ. ఆయిల్ 90, 100 డిగ్రీలకి చేరి కాసేపు అక్కడే ఉంటే నీరు మొత్తం, పెట్రోలు కొంత ఆవిరైపోతాయి. చిన్న ట్రిప్పుల్లో ఆ అవకాశం రాదు. ఆయిల్ మూత తీస్తే లోపలివైపు మీగడలా పేరుకుని కనిపించేది ఇందువల్లే. అది చూడగానే హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే సీలు) పోయిందేమోనని టెన్షన్ పడకండి, కూలెంట్ తగ్గకుండా ఉంటే అది చాలాసార్లు తేమే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ లెవెల్ పెరుగుతుంటే మాత్రం ఆగొద్దు, ఆయిల్ పలచబడుతోందని అర్థం, మార్పించండి.

నాకు బాగా ఉపయోగపడిన ఇంకో విషయం, బండిని నిలబెట్టి వేడి చేసే అలవాటు గురించి. ఐడిలింగ్‌లో ఆయిల్ వేడి ఎంత నెమ్మదిగా పెరుగుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. స్టార్ట్ చేసిన అర నిమిషానికి, అద్దాలు శుభ్రంగా ఉంటే, ఆర్‌పీఎం పెరగకుండా మెల్లగా నడుపుకుంటూ వెళ్తే అంతకంటే చాలా త్వరగా ఎక్కుతుంది. ఇంకా మంచిది, రెండు మూడు పనులు కలుపుకుని ఒకేసారి తిరిగి రావడం, మధ్యమధ్యలో ఆగినా ఇంజిన్ పూర్తిగా చల్లారదు. సర్వీసు పుస్తకంలో కఠిన వాడకం అని విడిగా రాసి ఉంటే అందులో సాధారణంగా చిన్న దూరాలూ ఉంటాయి, దాని ప్రకారం ఆయిల్ మార్పించండి, ఓడోమీటర్ తక్కువే చూపిస్తోంది కదా అని వాయిదా వేయొద్దు.

బ్యాటరీ వోల్టేజీ కూడా చూపిస్తుంది. స్టార్ట్ చేయకముందు 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4కి వస్తే పావు వంతు ఖర్చయినట్టు. స్టార్టర్ వాడేసిన ఛార్జి, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ లాగేది, ఇవన్నీ తిరిగి నింపడానికి పది నిమిషాల డ్రైవింగ్ చాలదు, ఆ సంగతి వారం తిరిగేసరికి నంబర్లలోనే తెలిసిపోతుంది.

లోపాలు చెప్పాలి. పెద్ద లోపం అడాప్టర్‌ది కాదు, కారుదే: ఆయిల్ టెంపరేచర్‌ని అన్ని కార్లూ బయటికి ఇవ్వవు. మీ మోడల్ ఇస్తుందో లేదో తెలుసుకున్నాకే కొనండి, లేకపోతే కూలెంట్ నంబరుతోనే అంచనా వేసుకోవాలి, అప్పుడు దీని విలువ నా దృష్టిలో సగానికి పడిపోతుంది. మరీ చవక రకాల్లో కనెక్షన్ మాటిమాటికీ తెగిపోయేవి ఉన్నాయి, అందుకే అంతకంటే ఒక మెట్టు పైది తీసుకోమంటాను. డీజిల్ కారు అయితే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి ఎంత పేరుకుందో చూపించే యాప్ మీ మోడల్‌కి ఉందేమో వెతకండి, చిన్న ట్రిప్పుల్లో ఫిల్టర్ తనని తాను శుభ్రం చేసుకునేంత వేడి రాదు కాబట్టి మీకు ఆయిల్ కంటే ముందు ఆ నంబరే ముఖ్యం.

ఇంకొకటి, సాకెట్‌లోనే వదిలేస్తే ఇది కారు ఆగి ఉన్నప్పుడు కూడా కొంచెం కొంచెంగా కరెంటు లాగుతూనే ఉంటుంది. అసలే చలికి నీరసించిన బ్యాటరీ, కాబట్టి దిగేటప్పుడు పీకేసి జేబులో వేసుకోండి, లేదా ఇంజిన్ ఆపగానే తనంతట తాను నిద్రపోయే రకం ఎంచుకోండి.