అనంతపురం నుంచి ఎనిమిదేళ్ల ఓపెన్‌డ్యాప్ వాడకం

నేను అనంతపురంలో కాలేజీలో పాఠం చెబుతాను. ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లల చేత వాతావరణం మీద ప్రాజెక్టులు చేయిస్తుంటాను. వాళ్లకు కావలసింది దాదాపు ఎప్పుడూ ఒకటే: మన జిల్లా మీద వాన, గాలి, ఎండ, గత ముప్పై నలభై ఏళ్లవి. ఎనిమిదేళ్లుగా వీటికోసం నేను ఎక్కువగా వాడుతున్నది ఓపెన్‌డ్యాప్. ఇది యాప్ కాదు, వెబ్‌సైటూ కాదు. ఎక్కడో సర్వర్లో ఉన్న పెద్ద ఫైల్లోంచి మనకు కావలసిన ముక్కను మాత్రం వెబ్ అడ్రసుతోనే అడిగి తెచ్చుకునే పద్ధతి. 1990లలో సముద్ర శాస్త్రవేత్తలు తమ డేటా పంచుకోవడానికి మొదలుపెట్టారు, తర్వాత వాతావరణం వాళ్లూ అందుకున్నారు.

దీన్ని ఎందుకు పట్టుకున్నానో ఒక లెక్క చెబితే తెలుస్తుంది. భూమిని పావు డిగ్రీకొక బిందువు చొప్పున విడదీసే పావు డిగ్రీ గ్రిడ్‌లో భూగోళమంతటికీ 721 అడ్డవరుసలు, 1440 నిలువు వరుసలు. అంటే పది లక్షల పైచిలుకు బిందువులు. ఒక్కో విలువకు 4 బైట్లు వేసుకున్నా ఒక్క గంట ఉష్ణోగ్రతకే 4 ఎంబీ దాటుతుంది. ఏడాదికి 8,760 గంటలు, మొత్తం 36 జీబీ. అదే అనంతపురం చుట్టూ రెండు డిగ్రీల చదరం గీసుకుంటే 81 బిందువులే. ఏడాదంతా కలిపి 3 ఎంబీ కూడా కాదు. మా ల్యాబ్‌లో 36 జీబీ దించడం మొదలుపెడితే మధ్యలో కరెంటు పోతుంది, మళ్లీ మొదటికొస్తాం. 3 ఎంబీ అయితే ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా దిగిపోతుంది.

పైథాన్ ప్రోగ్రామింగ్‌లో ఇలాంటి డేటా చదివే ఎక్స్‌ఎర్రే అనే లైబ్రరీకి లింకు ఇస్తే ఫైలు మన కంప్యూటర్లోనే ఉన్నట్టు తెరుచుకుంటుంది. అప్పటికి వచ్చినవి పేర్లు, కొలతలు, యూనిట్లు మాత్రమే. అసలు అంకెలు మనం లెక్క మొదలుపెట్టినప్పుడే కదులుతాయి. మొదటిసారి చూసిన పిల్లలు ఫైలంతా రెండు సెకన్లలో దిగిందని సంబరపడతారు. నేనూ పడ్డాను.

ఇక తలనొప్పులు. అన్నిటికంటే పెద్దది, తప్పు అడిగినా ఇది తప్పని చెప్పదు. ఈఆర్ఏ5 (పాత పరిశీలనలను వాతావరణ మోడల్‌తో కలిపి గంటగంటకూ లెక్కగట్టిన డేటా) లాంటి వాటిలో అక్షాంశాలు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతాయి, 90 నుంచి మైనస్ 90కి. మనం అలవాటుగా 13 నుంచి 16 వరకు అని అడిగితే ఖాళీ వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. "సార్, ఫైల్ ఖాళీగా వస్తాంది" అని ఏటా ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు. వానేమో మీటర్లలో ఉంటుంది. వెయ్యితో గుణించడం మరిచిపోతే మన జిల్లా ఎడారి కంటే హీనంగా కనిపిస్తుంది. మనకు వానలు తక్కువే కానీ మరీ అంత కాదు!

వీటిని మించింది టైమ్. 2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగింది కదా, ఆ వరద వానల మీద ఒక అబ్బాయి ప్రాజెక్టు చేశాడు. మోడల్ రోజువారీ వానకూ, వానమాపకం లెక్కకూ ఎక్కడా పొంతన లేదు. "మోడలే తప్పు సార్" అని తేల్చేశాడు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది. మన దగ్గర వాన లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర వరకు, తేదీ మర్నాటిది పడుతుంది. మోడల్ గంటలు యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి. మన ఎనిమిదిన్నర అక్కడ మూడు గంటలు. వాడు యూటీసీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కూడాడు. సాయంత్రం వానలన్నీ పక్క తేదీలో పడ్డాయి. మూడింటి నుంచి కూడితే చాలావరకు సర్దుకుంది.

నలభై ఏళ్ల గంటగంట డేటా ఒక్క ఊరికి కావాలంటే మాత్రం ఓపెన్‌డ్యాప్‌ను నమ్ముకోకండి. చాలా సర్వర్లలో ఫైళ్లు గంటకొక పటంలా పేర్చి ఉంటాయి. నలభై ఏళ్ల క్యాలెండర్‌లో ప్రతి పేజీలోనూ ఒకే గడి చూడాలంటే పేజీలన్నీ తిప్పాల్సిందే కదా, సర్వర్ పనీ అంతే. తప్పనప్పుడు ఒక్కో ఏడాది చొప్పున లూప్ పెట్టి, రాత్రిళ్లు వదిలేసి, వచ్చింది వచ్చినట్టు సేవ్ చేసుకుంటాను. పైథాన్ రాని పిల్లలకు ఓపెన్‌డ్యాప్‌తో డేటా ఇచ్చే థ్రెడ్స్ అనే రకం సర్వర్లలోనే నెట్‌సీడీఎఫ్ (వాతావరణ డేటా ఫైళ్ల రకం) సబ్‌సెట్ సర్వీస్ ఉంటుంది. అక్షాంశం, రేఖాంశం ఇస్తే ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ వస్తుంది. ఈ మధ్య కొత్త బ్యాచ్‌కు దానితోనే మొదలుపెడుతున్నాను.

ఒక విషయం మాత్రం ఓపెన్‌డ్యాప్ తప్పు కాదు, అయినా చెప్పాలి. డేటా ఇంత సులువుగా వస్తుంటే దాన్ని ఊరి వాన అనుకోవడం కూడా సులువైపోతుంది. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే మా విద్యార్థి ఒకడు వాళ్ల మామకు ఫోన్ చేసి, ఫలానా రోజు మీ దగ్గర 11 మిల్లీమీటర్లు పడింది అన్నాడు. "చినుకు పడలేదు నాయనా, శనక్కాయ చేను ఎండిపోతాంది" అన్నాడాయన. ఆ అంకె గడి మొత్తానికి సగటు, మా గడి ఒక్కోటి దాదాపు 27 కిలోమీటర్ల వెడల్పు. మన మబ్బు చెరువుకు ఇవతల కురిసి అవతల కురవదు.

ఒక జూన్‌లో, సరిగ్గా ప్రాజెక్టులు మొదలయ్యే వారంలో, మేం ఏళ్లుగా వాడుతున్న సర్వర్ అడ్రసు చెప్పాపెట్టకుండా మారిపోయింది. కోడ్ అంతా ఆగిపోయి ఒకటే టెన్షన్. అప్పటి నుంచి మా ప్రోగ్రామ్ మొదట్లో రెండు అడ్రసులు ఉంటాయి, ఒకటి పలక్కపోతే రెండోది. మూడోది ల్యాబ్ బీరువాలో ఉన్న హార్డ్‌డిస్క్.