రైట్ బ్రదర్స్ ట్రిప్: కిట్టీ హాక్ వెళ్ళాలా, డేటన్ వెళ్ళాలా?

విమానం పుట్టిన చోటు చూద్దామని ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు ఎవరు ప్లాన్ వేసినా ముందు నార్త్ కరొలైనా బీచ్‌కే వేస్తారు, కిట్టీ హాక్ అన్న పేరు అంత పాపులర్ మరి. తప్పేం లేదు, కానీ అది ఎగిరిన చోటు. పుట్టింది, పెరిగింది, నిజంగా ఎగరడం నేర్చుకుంది ఒహాయోలోని డేటన్‌లో. మేము రెండూ చూశాం, మధ్యలో వాషింగ్టన్ మ్యూజియం కూడా చూశాం. ఒక్క చోటికే టైముందంటే నా ఓటు డేటన్‌కే.

ముందు బీచ్ సంగతి. రైట్ బ్రదర్స్ మెమోరియల్ ఉన్నది కిట్టీ హాక్‌లో కాదు, దానికి దక్షిణంగా కొన్ని మైళ్ళ దూరంలో కిల్ డెవిల్ హిల్స్ అనే ఊళ్ళో. 1903 డిసెంబర్ 17 పొద్దున 10:35కి తమ్ముడు ఆర్విల్ బయల్దేరిన చోట పెద్ద బండరాయి పెట్టారు, అక్కణ్ణించి ఆ రోజు నాలుగు సార్లు ఎక్కడెక్కడ దిగారో అక్కడ చిన్న రాళ్ళు పాతారు. మొదటిది 120 అడుగులు, 12 సెకన్లు. పెద్ద బోయింగ్ 747 రెక్కల వెడల్పే 200 అడుగులు దాటుతుంది, అంటే మొదటి ఫ్లైట్ మొత్తం ఆ రెక్కల మీదే అయిపోతుంది! నాలుగోసారి అన్న విల్బర్ 852 అడుగులు, 59 సెకన్లు ఎగిరాడు. ఆ నాలుగో రాయి దాకా తప్పకుండా నడవండి, మా పిల్లలు మొదటి మూడూ పరిగెత్తుకుంటూ దాటేసి నాలుగో దానికి వచ్చేసరికి ఆయాసపడ్డారు, అప్పుడు అర్థమైంది వాళ్ళకి ఒక్క పూటలో ఎంత తేడా వచ్చిందో. ఆ తర్వాత కాసేపటికే గాలికి విమానం దొర్లిపోయి విరిగింది, మళ్ళీ ఎప్పుడూ ఎగరలేదు. దాన్ని ఆపబోయి అందులో చిక్కుకుని దెబ్బలు తిన్నది జాన్ డేనియల్స్ అనే తీరం కాపలా మనిషి, మనందరం స్కూలు పుస్తకాల్లో చూసిన ఆ మొదటి ఫ్లైట్ ఫోటో తీసింది కూడా ఆయనే, అంతకుముందు కెమెరా ముట్టుకోలేదట.

కొండ మీద 60 అడుగుల గ్రానైట్ స్తంభం ఉంది, ఎక్కడానికి దారి బాగానే ఉంది. వాళ్ళ కాలంలో అది కదిలే ఇసుక దిబ్బ, ఇప్పుడు గడ్డి పెంచి నిలబెట్టారు, అందుకే ఆ ఇసుక ఎలా ఉండేదో అక్కడ తెలీదు. అది కావాలంటే దగ్గర్లోనే నాగ్స్ హెడ్‌లో జాకీస్ రిడ్జ్ స్టేట్ పార్క్‌కి వెళ్ళండి, అక్కడ ఇసుక దిబ్బలు ఇప్పటికీ కదులుతుంటాయి, హ్యాంగ్ గ్లైడింగ్ కూడా నేర్పిస్తారు. ఆ గాలి మొహానికి కొడుతుంటే ఈ అన్నదమ్ములు అంత దూరం నుంచి ఇక్కడికే ఎందుకొచ్చారో ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి కావాలి, పడితే మెత్తగా ఉండాలి, చుట్టూ చూసే జనం ఉండకూడదు. మూడూ ఇక్కడున్నాయి.

మెమోరియల్ దగ్గర ఎక్కడా నీడ లేదు, ఎండాకాలం అయితే పొద్దున్నే వెళ్ళిపోండి. గడ్డిలో పల్లేరు కాయల్లాంటి ముళ్ళుంటాయి కాబట్టి చెప్పులు కాదు, షూస్ వేసుకోండి.

స్టే విషయంలో బీచ్ వైపు కష్టమే. సీజన్‌లో ఇళ్ళు ఎక్కువగా వారం లెక్కనే ఇస్తారు, శనివారం నుంచి శనివారం. మాకు అన్ని రోజులు లేక ఒక మోటెల్ తీసుకున్నాం, ఫోటోల్లో సముద్రం కనిపించింది, వెళ్ళాక పార్కింగ్ కనిపించింది, ఏసీ రాత్రంతా మోత. ఇచ్చిన రేటుకి అది చాలా అన్యాయం. ఇల్లు తీసుకుని నాలుగు ఫ్యామిలీలు కలిసి వెళ్తే కిచెన్ ఉంటుంది, పెద్దవాళ్ళకి అన్నం పప్పు వండుకోవచ్చు, అదే మంచి పద్ధతి.

వాషింగ్టన్ గురించి రెండు ముక్కలు. అసలు 1903 విమానం అక్కడ నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో ఉంది, టికెట్ ఫ్రీ కానీ టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. ఆ విమానం 1928 నుంచి ఇరవై ఏళ్ళు లండన్‌లో ఉందని చాలామందికి తెలీదు. ఈ మ్యూజియం నడిపే స్మిత్సోనియన్ సంస్థ వాళ్ళు, తమ పాత సెక్రటరీ (అంటే సంస్థ పెద్ద) లాంగ్లీ చేసిన యంత్రమే ముందు ఎగరగలిగేదని బోర్డు పెడితే ఆర్విల్‌కి మండింది, పంపించేశాడు. ఆ లాంగ్లీ యంత్రం రైట్ సోదరులు ఎగరడానికి తొమ్మిది రోజుల ముందే పొటోమాక్ నదిలో కూలిపోయింది, అదీ గవర్నమెంటు 50,000 డాలర్లు ఇస్తే. వీళ్ళకి అయిన ఖర్చు వెయ్యి డాలర్లు కూడా లేదు, అదీ సైకిల్ షాపు డబ్బుతో. ఆర్విల్ కోపం చాలా న్యాయమైన కోపం అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంక డేటన్. మాకు కొలంబస్ నుంచి ఐ-70 మీద గంట పైన, ఈసారి ఇండియా నుంచి వచ్చిన నాన్నగారిని తీసుకెళ్ళాం, ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ముందు సౌత్ విలియమ్స్ స్ట్రీట్‌లో వాళ్ళ పాత సైకిల్ షాపుల్లో ఒకటి చూడండి, పక్కనే నేషనల్ పార్క్ వాళ్ళ సెంటర్, ఎంట్రీ ఫ్రీ. రేంజర్లు ఓపిగ్గా చెప్తారు, మేం ఎన్ని ప్రశ్నలు అడిగినా విసుక్కోలేదు. విమానం తయారుచేసిన షాపు, అప్పట్లో వాళ్ళున్న ఇల్లు మాత్రం ఇక్కడ లేవు, హెన్రీ ఫోర్డ్ కొనేసి 1930ల్లో మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కి తరలించేశాడు, ఇది తెలీక వెళ్తే నిరాశ పడతారు.

1901లో ఈ అన్నదమ్ముల గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) లెక్కప్రకారం లేవకపోతే, రెక్కల్ని గాలి ఎంత లేపుతుందో చెప్పే, అప్పటిదాకా అందరూ నమ్మిన పట్టికలనే పక్కన పెట్టి, ఆరడుగుల చెక్క పెట్టెకి ఫ్యాన్ బిగించి సొంతంగా విండ్ టన్నెల్ చేసుకున్నారు, అందులో దాదాపు 200 రకాల చిన్న రెక్కలు పరీక్షించారు. నా దృష్టిలో విమానం పుట్టింది ఆ పెట్టెలోనే. ఇంజిన్ ఎవరూ చేసివ్వకపోతే షాపులో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారుచేశాడు, 12 హార్స్‌పవర్, కాగితం ముక్కల మీద గీసుకున్న బొమ్మలే డ్రాయింగులు. ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, అదే క్రాంక్‌షాఫ్ట్ కోసం ఉక్కు దిమ్మకి వరసగా డ్రిల్లు వేసి, చెక్కి, లేత్ మీద తిప్పాడు. అది విని నాన్నగారు "ఒరేయ్, ఈ టేలర్ పేరు మాకెవరూ చెప్పలేదేంట్రా" అన్నారు. నిజమే, చెప్పాల్సిన పేరు.

డేటన్‌లోనే ఉన్న కారిలాన్ పార్క్ మ్యూజియం తప్పనిసరి, టికెట్ పెట్టినా సరే. అక్కడున్నది 1905 ఫ్లయర్ అసలుది, ఆర్విల్ చివరి రోజుల్లో దగ్గరుండి సరిచేయించింది, మనం పైనుంచి కిందికి చూసేలా గుంటలో పెట్టారు. ప్రొపెల్లర్లకి సైకిల్ లాగా చైన్లు, ఒక చైన్ ఎనిమిది అంకెలా మెలితిప్పి ఉంటుంది, రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు తిరగడానికి. ఎవరూ చెప్పకముందే నాన్నగారు అది కనిపెట్టి పిల్లలకి వేలితో గీసి చూపించారు. వీల్‌చెయిర్ అడిగితే వెంటనే ఇచ్చారు.

తర్వాత హఫ్‌మన్ ప్రెయిరీ, ఎయిర్ ఫోర్స్ బేస్ పరిధిలోనే ఉన్న 84 ఎకరాల మైదానం. 16ఎ గేటు నుంచి వెళ్ళాలి, ఒక్కోసారి మూసేస్తారు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. బ్యాంకర్ హఫ్‌మన్ ఊరికే వాడుకోమన్నాడు, ఆవుల్నీ గుర్రాల్నీ ముందు పక్కకి తోలమన్నది ఒక్కటే షరతు. 1904 సెప్టెంబర్ 20న మొదటిసారి గుండ్రంగా తిరిగి వచ్చింది ఇక్కడే, 1905 అక్టోబర్ 5న విల్బర్ 39 నిమిషాల్లో 24 మైళ్ళు ఎగిరింది ఇక్కడే. 59 సెకన్ల నుంచి 39 నిమిషాలకి! చూడ్డానికి గడ్డి, ఒక షెడ్డు, బరువు జారవిడిచి విమానాన్ని తోసే టవర్ నమూనా తప్ప ఏం లేవు, అయినా నాకు మొత్తం ట్రిప్‌లో ఎక్కువ నచ్చింది ఇదే. 1910 మే 25న 81 ఏళ్ళ తండ్రి మిల్టన్ రైట్‌ని ఆర్విల్ ఇక్కడే ఎక్కించుకున్నాడు, ఆయన భయపడకుండా "ఇంకా పైకి, ఆర్విల్, ఇంకా పైకి" అన్నారట. అది చదివి మా పాప "తాతయ్యా, నువ్వయితే ఎక్కుతావా" అని అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, ఎక్కుతానన్నారు.

ఉండటానికి ఫెయిర్‌బోర్న్, బీవర్‌క్రీక్ వైపు తీసుకోండి, బీచ్‌తో పోలిస్తే చాలా చవక, రైట్ స్టేట్ యూనివర్సిటీ దగ్గరే కాబట్టి మన తిండి కూడా దొరుకుతుంది. డేటన్ దగ్గరే ఉన్న ఎయిర్ ఫోర్స్ మ్యూజియం ఫ్రీ, పార్కింగ్ ఫ్రీ, కానీ అది బ్రహ్మాండం, పైవన్నీ చూసిన రోజే దాన్ని కూడా ఇరికించకండి, విడిగా ఒక పూర్తి రోజు ఇవ్వండి, సాయంత్రం 5కి మూసేస్తారు.