అనంతపురంలో "బ్యాక్‌టెస్ట్ చేసిన సిస్టమ్" కొనబోయే వాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. పొద్దున లేస్తే లాభాల స్క్రీన్‌షాట్లు స్టేటస్ పెట్టే మన ఆప్షన్స్ సార్ ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు. ఆయన సిస్టమ్‌కు, అంటే ఎప్పుడు ఏది కొనాలో చెప్పే రూల్స్‌కు, నేను కట్టిన ఫీజు 28,000. ఆరు వారాల్లో ట్రేడింగ్‌లో ఇంకో 94,000 పోయింది. అందులో సగం పాప హాస్టల్ ఫీజుకని పక్కన పెట్టింది. ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు.

నన్ను పడేసింది ఒక ఎక్సెల్ షీట్. 2019 నుంచి ఐదేళ్ళకు పైగా షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ పాత డేటా మీద టెస్ట్ చేశాడంట, దాన్నే బ్యాక్‌టెస్ట్ అంటారు. గ్రాఫ్ మేడమెట్ల లాగా పైకే పోతోంది. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 13 శాతం కూలిందే, ఆ రోజూ లాభమే. 2024 జూన్ 4, ఎలక్షన్ రిజల్ట్స్ రోజు జనం ఏడ్చినా ఈయనకు లాభమే. అప్పుడే అనుమానం రావాల్సింది. నాకేమో చేతులు జోడించాలనిపించింది.

లైవ్‌లో మొదటి వారంలోనే నాలుగు నష్టాలు. "ఓపిక పట్టు అన్నా" అన్నాడు, పట్టాను. చివరికి ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుక్కి ఆ షీట్ చూపించాను. వాడు కాల్ (మార్కెట్ పెరుగుతుందని కొనేది) కొనాలా పుట్ (పడుతుందని కొనేది) కొనాలా అని ఉన్న గడి మీద క్లిక్ చేశాడు. పైన ఫార్ములా కనబడింది. ఆ రోజు క్లోజ్ ఓపెన్ కంటే ఎక్కువైతే కాల్, తక్కువైతే పుట్. ఎంట్రీ టైమ్ మాత్రం పొద్దున 9:16.

"మామా, సాయంత్రం మార్కెట్ ఎట్ల ముగిసిందో చూసి పొద్దున కొంటున్నాడు" అన్నాడు వాడు.

వాన పడే తేదీ ముందే తెలుసుకుని శెనక్కాయ విత్తినట్టు! అట్లయితే మన జిల్లాలో ఒక్క రైతు కూడా నష్టపోడు కదా. లైవ్‌లో పొద్దున్నే సాయంత్రం క్లోజ్ యాడ దొరుకుతుంది? అందుకే సార్ గ్రూపులో వచ్చే సిగ్నల్ ఉత్త ఊహ. పైగా ఆ రిపోర్టులో బ్రోకరేజీ లేదు, ట్రేడ్ మీద పడే ఎస్‌టీటీ పన్ను లేదు, అనుకున్న రేటుకు ఆర్డర్ పడకపోతే పోయే డబ్బు లెక్కే లేదు.

షీట్ ప్రింట్ తీసుకుని ఆఫీసుకు పోయాను. చేరేటప్పుడు టీ తెప్పించి "అన్నా అన్నా" అన్న మనిషి, ఈసారి కూర్చోమని కూడా అనలేదు. ఎదురుగా కొత్తగా చేరడానికొచ్చిన ముగ్గురు పిల్లోళ్ళు. ఫార్ములా మీద వేలు పెట్టి చూపించాను. కాగితం వైపు చూడను కూడా చూడలేదు. "సిస్టమ్ కరెక్టే, నీకు ఎంట్రీ కొట్టడం రాదు. ఎరువుల షాపోనికి బ్యాక్‌టెస్టింగ్ ఎందుకు చెప్పు?" అన్నాడు. ఆ పిల్లోళ్ళు నవ్వారు.

నేనేమన్నానో తెలుసా? "సరే సార్" అన్నాను! 28,000 కట్టి, సార్ అని కూడా పిలిచి వచ్చాను. క్లాక్ టవర్ దగ్గర బండి ఆపుకుని, అనాల్సిన మాటలన్నీ అక్కడ నిలబడి అనుకున్నాను. ఇల్లు చేరేలోపే గ్రూపులోంచి తీసేశాడు.

ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో, మూడేళ్ళలో వందలో 93 మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024లోనే చెప్పింది. అది చదివే చేరాను. మిగిలిన ఏడుగురిలో నేనుంటాననుకున్నా మరి.

కొనేవాళ్ళు కొనే ముందు సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సెబీ వెబ్‌సైట్లో చూసుకోండి. గ్రాఫ్ కాదు, ఒక్కో ట్రేడ్ లిస్టు అడగండి, ఫార్ములాలతో సహా. వచ్చే ఆదివారం మళ్ళీ ఫ్రీ క్లాసంట. పోయేవాళ్ళుంటే ఒక్కటే అడగండి, 9:16కి కొనడానికి ఆ రోజు క్లోజ్ ఎవరు చెప్పారు సార్ అని. నా పేరు చెప్పినా పర్వాలేదు.