అద్దె సైకిళ్లు: సేవా సంస్థ నడపాలా, కంపెనీ నడపాలా?

అమెరికా నగరాల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి. కంపెనీకి పెట్టుబడి బలం ఎక్కువ. న్యూయార్క్‌లో 2013లో మొదలైన సిటీ బైక్ అనే అద్దె సైకిళ్ల సేవను ఇప్పుడు లిఫ్ట్ అనే క్యాబ్ కంపెనీ నడుపుతోంది. అంతటి వ్యవస్థను చిన్న సంస్థ మోయలేదు, ఒప్పుకోవాల్సిందే. అయితే లెక్కలు తారుమారైతే నగరం మాట చెల్లదు. 2020లో ఊబర్ తన అద్దె సైకిళ్ల విభాగం జంప్‌ను లైమ్ అనే అద్దె స్కూటర్ల కంపెనీకి అప్పగించినప్పుడు వేల సైకిళ్లు తుక్కుకు పోయాయి.

లాభాపేక్ష లేని సంస్థకు సారథ్యం వేరే రకం పని. పొద్దున ఖాళీ అయిన స్టాండ్లకు వ్యాన్లో సైకిళ్లు చేరవేయించాలి, మధ్యాహ్నం దాతలకు ఉత్తరాలు రాయాలి, సాయంత్రం పేదల వాడకు స్టాండు ఎందుకు కావాలో నగర మండలికి నచ్చజెప్పాలి. జీతం మాత్రం అంతంతే! పైగా పెద్ద దాత చేయి వదిలితే దిక్కుండదు.

నా మొగ్గు మాత్రం సేవా సంస్థ వైపే. కారణం, నేర్చుకున్నది దాచుకోదు. ఏ స్టాండులో ఎన్ని సైకిళ్లున్నాయో ఏ యాప్‌కైనా తెలిపే జీబీఎఫ్‌ఎస్ అనే ఉమ్మడి పద్ధతిని ఉత్తర అమెరికా బైక్‌షేర్ సంఘం 2015లో స్వీకరించింది. దాని రూపకల్పనలో ముందున్నది మినియాపొలిస్ నగరంలో అద్దె సైకిళ్లు నడిపిన నైస్ రైడ్, అప్పట్లో లాభాపేక్ష లేని సంస్థే. ఇప్పుడు కంపెనీలూ ఆ పద్ధతినే వాడుతున్నాయి.