ఆరేళ్ల ఫోల్డింగ్ సైకిల్, ఒక పది నంబర్ పానా

సీటు కిందికి దించాలి. హ్యాండిల్ రాడ్డు పక్కకి వాల్చాలి. సైకిల్ నడుం దగ్గరి లివర్ విప్పి ముందు చక్రాన్ని తెచ్చి వెనక చక్రం పక్కన చేర్చాలి. అంతే, సైకిల్ మడత అయిపోయింది. నాకు 20 సెకన్లు పడుతుంది. ఆరేళ్లలో ఎన్నో వందలసార్లు మడిచి ఉంటాను. ఇప్పటికీ చక్రాలు రెండూ ఒదిగి, మధ్యలో అయస్కాంతం టక్కున అతుక్కుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. గేర్లెన్ని, బ్రేకులేవి లాంటి వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను ఈ మడత గురించే రాస్తాను.

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. కింద పార్కింగ్‌లో ఉంచిన మావారి పాత సైకిల్‌ని రెండేళ్లలో ఉప్పుగాలి తినేసింది. అందుకని 2019లో ఒకటి నాకూ ఒకటి ఆయనకీ ఒకే రకం ఫోల్డింగ్ సైకిళ్లు కొన్నాం. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేసే వేళకి దిగిపోవడం, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కాసేపు నిలబడి సముద్రం చూడటం, ఇంటికొచ్చి రెండింటినీ మడిచి మంచం కిందికి తోసేయడం. నెల తిరక్కుండానే అపార్ట్‌మెంట్‌లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను, ఇది మామూలు సైకిల్‌కి ఏమాత్రం తీసిపోదని. ఆ మాట మీద ఇప్పుడు నాకు కొంచెం సందేహం ఉంది, కింద రాస్తాను.

మడత అసలు విలువ తెలిసింది 2020 జనవరిలో, అండమాన్‌లో. మా పెళ్లయి పదిహేనేళ్లు అప్పటికి. పాపని అమ్మ దగ్గర వదిలి, వైజాగ్ పోర్టులో ఓడ ఎక్కాం. పోర్ట్ బ్లెయిర్‌కి రెండున్నర రోజులు. (ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది.) బంకు కింద సైకిళ్లు రెండూ సూట్‌కేసుల్లా సరిపోయాయి. చుట్టూ శ్రీకాకుళం యాస వినిపిస్తుంటే ఊరు వదిలి వెళ్తున్నట్టే లేదు. తరతరాలుగా అక్కడ స్థిరపడిన మనవాళ్లు చాలామంది, పండక్కి వచ్చి తిరిగి వెళ్తున్నారు.

దీవుల్లో సైకిల్ తొక్కడం కంటే సైకిల్‌తో పడవలెక్కడమే పెద్ద పని. పోర్ట్ బ్లెయిర్ ఫీనిక్స్ బే జెట్టీలో ప్రభుత్వ ఫెర్రీకి జనం కూరగాయల బుట్టలతో, సిమెంటు రంగు ట్రంకు పెట్టెలతో నిలబడి ఉన్నారు. మా ముందు ఒక కుర్రాడు పెద్ద సైకిల్‌తో ఎవరిని అడగాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు. మేం పక్కకి జరిగి రెండూ మడిచి, గోనెపట్టాలాంటి కవర్లలో పెట్టి భుజాన వేసుకున్నాం. లోపల అవి మా కాళ్ల దగ్గరే. ఆయన ఒకదాని మీద తల ఆనించి హేవ్‌లాక్ దీవి వచ్చేదాకా నిద్రపోయారు. ఎక్కడికెళ్లినా ఇద్దరి సైకిళ్లూ మా పక్కనే ఉంటాయన్న ధైర్యం, ఆటో కోసం బేరాలు లేకపోవడం, జెట్టీ దిగిన రెండు నిమిషాలకే రోడ్డెక్కడం, వీటి కోసమైతే మళ్లీ ఇవే కొంటాను.

ఇక జరిగింది చెప్పాలి.

హేవ్‌లాక్‌కి 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు కానీ, అక్కడ అందరూ హేవ్‌లాక్ అనే అంటున్నారు. ఊళ్లని నంబర్లతో పిలుస్తారు. జెట్టీ ఒకటో నంబరు, బజారు మూడో నంబరు, రాధానగర్ బీచ్ ఏడో నంబరు. జెట్టీ నుంచి అక్కడికి దాదాపు 12 కిలోమీటర్లు. బజారు దాటాక వక్కచెట్లు, అరటితోటలు, ఆ తర్వాత అడవిలో ఎక్కుడు. ఎక్కుడులో ఇద్దరం దిగి నడిపించుకుంటూ వెళ్లాం. అవతలి వైపు దిగుడు మొదలయ్యాక ఆయన ముందు, నేను వెనక.

బ్రేక్ పట్టినప్పుడు నా చేతుల్లో హ్యాండిల్ కదిలింది. బియ్యపు గింజంత కదలిక. రోడ్డు గతుకేమో అనుకున్నాను. ఇంకోసారి పట్టాను, మళ్లీ కదిలింది, ఈసారి టిక్కుమని చప్పుడు కూడా వచ్చింది. నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ముందు బ్రేక్ వదిలేసి, వెనక బ్రేక్ కొద్దికొద్దిగా నొక్కుతూ, ఒక చెప్పు రోడ్డుకి రాస్తూ ఎలాగో పక్కన ఆపాను. "ఏవండీ" అని అరిచాను కానీ ఆయనకి వినపడలేదు, మలుపు తిరిగిపోయారు. పక్షుల కూతలు తప్ప ఇంకేమీ లేని ఆ అడవి రోడ్డు మీద ఆ ఐదు నిమిషాలూ నాకు చాలా పొడుగ్గా అనిపించాయి. చివరికి ఆయనే సైకిల్ అక్కడ వదిలేసి రొప్పుతూ పైకి నడిచొచ్చారు.

చూస్తే హ్యాండిల్ రాడ్డు మడిచే చోట ఉన్న లివర్ మూసే ఉంది, కానీ పట్టు లేదు. చిటికెన వేలితో తీస్తే వచ్చేస్తోంది. దానికి అడ్డంగా ఉన్న చిన్న కొక్కెం ఒక్కటే దాన్ని ఆపింది. ఆ కొక్కెం లేకపోతే లివర్ విడిపోయి రాడ్డు మడత పడిపోయేది, దాంతో పాటు నేనూ పడేదాన్ని. లివర్ వెనక ఒక నట్టు ఉంటుంది, అది బిగిస్తే పట్టు వస్తుంది. మా సంచిలో బోల్టులు తిప్పే ఎల్ ఆకారం ఆలెన్ కీలు నాలుగున్నాయి, పంక్చర్ సామాను ఉంది. ఆ నట్టుకి పట్టే పది నంబర్ పానా మాత్రం లేదు. బ్యాగులు కట్టిన నైలాన్ తాడు విప్పి, లివర్ చుట్టూ ఎనిమిది చుట్లు చుట్టి ముడేశారు. మిగిలిన దూరం తోసుకుంటూ వెళ్లాం.

బీచ్ ముందు కొబ్బరిబోండాల దుకాణాల దగ్గర ఆటో ఆపుకున్న ఒకాయన మమ్మల్ని చూసి, "ఏటైనాదమ్మా?" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నాకు సగం భయం పోయింది. వాళ్ల తాత సోంపేట వైపు నుంచి వచ్చారట. ఆటో సీటు కింద నుంచి పానాల కట్ట తీశాడు. మావారు ఒక్కసారే గట్టిగా తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "పావు తిప్పండి. మూసి చూడండి. మళ్లీ పావు తిప్పండి" అన్నాడు. మూడోసారికి లివర్ మూయడానికి వేళ్లు చాలలేదు. అరచెయ్యి పెట్టి నొక్కాల్సి వచ్చింది. "అరిచెయ్యి నొప్పెట్టాల. అప్పుడు బిగిసినట్టు" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. చిన్నప్పుడు ఓడ కోసం వైజాగ్‌లో ఆగిన రోజు చూసిన జగదాంబ సెంటర్ ఇప్పుడెలా ఉందని అడిగి, మేం చెప్తున్నంతసేపూ ఇష్టంగా విన్నాడు.

2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి బీచ్ అన్నది ఈ రాధానగర్‌నే. ఐదుంబావు దాటేసరికి సూర్యుడు దిగిపోయాడు. మన దగ్గరకంటే ముందే అక్కడ చీకటి పడుతుంది, ఇది లెక్కేసుకుని బయల్దేరండి. తిరుగు దారిలో లైట్లు వేసుకుని, దిగుడంతా నడిచే దిగాం.

ఆ రాత్రి గదిలో కూర్చుని ఎందుకిలా అయిందా అని ఆలోచిస్తే తప్పు మాదేనని తేలింది. ఈ సైకిళ్లకి హ్యాండిల్ రాడ్డు పొడుగు. పైన ఎంత బరువు వేలాడదీస్తే కింది కీలు మీద అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. నేను నాలుగు కిలోల బ్యాగు హ్యాండిల్‌కి తగిలించాను. దానికి తోడు జెట్టీల్లో, గదుల్లో రోజుకి మూడు నాలుగుసార్లు మడవడం విప్పడం, కీలు సందులో ఇసుక. ఇంటి దగ్గర రోజుకి ఒక మడతే కాబట్టి ఈ నట్టు సంగతి మాకెప్పుడూ తెలియలేదు. మర్నాడు బ్యాగు వెనక క్యారియర్ మీదికి మార్చాను, ఆ చప్పుడు మళ్లీ రాలేదు.

నీల్ దీవిలో జరిగింది మాత్రం మంచిదే. చిన్న దీవి, రోడ్లు చాలావరకు చదును, రెండు వైపులా కూరగాయల మళ్లు. సీతాపూర్ బీచ్ దారిలో ఆయన వెనక టైరుకి ముల్లు గుచ్చుకుంది, వాల్వ్ మొదట్లో చీలింది, అతుకు నిలవలేదు. ఇంత చిన్న చక్రానికి ఈ దీవిలో ట్యూబ్ ఎక్కడ దొరుకుతుందని టెన్షన్ పడ్డాం. బజారులో సైకిల్ షాపాయన నవ్వి, పిల్లల సైకిల్ ట్యూబ్ తీసి ఇచ్చాడు. మన పాత సైకిళ్లకుండే వాల్వ్‌ది. అచ్చంగా సరిపోయింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. కొనేటప్పుడు టైరు పక్కన 406 అని (రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో) రాసి ఉందేమో చూసుకోండి. 451 అని ఉన్నదాన్ని కూడా ఇరవై అంగుళాలనే అమ్ముతారు కానీ, దానికి పిల్లల సైకిల్ టైరు పట్టదు.

ఇప్పుడు నేను మొదట్లో పొగిడిన మాట సంగతి. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా మామూలు సైకిల్‌కి తీసిపోదు, ఆ మాట మీద ఇంకా నిలబడతాను. రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తే మాత్రం తీసిపోతుంది. ఎదురుగాలిలో కాళ్లు త్వరగా అలిసిపోతాయి, పెద్ద చక్రం దాటేసే గుంతలో ఇది దిగబడుతుంది. మావారు ఆరడుగులకి కొంచెం తక్కువ. సీటు రాడ్డు చివరి గీత దాకా లేపినా ఆయన మోకాళ్లకి చాలలేదు. రెండేళ్ల కిందట ఆయన ఒక పెద్ద సైకిల్ కొనుక్కున్నారు, ఆదివారాలు భీమిలికి దాని మీదే వెళ్తారు. ఉప్పుగాలికి గొలుసు ఎర్రబడటం దీనికీ తప్పలేదు. వారానికోసారి తుడిచి నూనె పెట్టాలి, వానలో తడిస్తే ఆ రోజే.

నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, మూడు అంతస్తుల మెట్లు, రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు. నాలాంటి వాళ్లకి నిక్షేపంలాంటి బండి. కింద తాళం వేసుకునే షెడ్డు ఉన్నవాళ్లకి, ఎప్పుడూ పడవో రైలో ఎక్కనివాళ్లకి ఈ డబ్బుతో మామూలు సైకిల్ ఇంకా మంచిది వస్తుంది. ఇద్దరూ ఒకేలాంటివి కొనాలన్న మా ముచ్చట మాత్రం ఎవరికీ సలహాగా చెప్పను. ఎవరి కాళ్లు కొలుచుకుని వాళ్లు కొనుక్కోవాలి.

అయినా ఈ డిసెంబర్‌లో లిటిల్ అండమాన్ వెళ్దామనుకుంటే, ఆయనే మంచం కింద నుంచి తన పాత మడత సైకిల్ బయటికి లాగారు. నిన్న సాయంత్రం వరండాలో రెండు లివర్లూ పావు తిప్పు చొప్పున సరిచేసుకున్నాం. నా అరచెయ్యి ఇంకా కొంచెం నొప్పిగా ఉంది. పది నంబర్ పానా ఆయన సీటు కింది సంచిలో ఒకటి, నా సంచిలో ఒకటి.