సరళరేఖ పాఠం: పట్టికా, గ్రాఫా, సూత్రమా? ఏది ముందు?

మన ఇళ్లలో జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో, ఎండను సెల్సియస్‌లో చెప్పుకుంటాం. జ్వరం 102, ఎండ 44. ఈ రెండు కొలతల మధ్య ఉన్నది అచ్చమైన రేఖీయ సంబంధం, అంటే గ్రాఫ్ గీస్తే సరళరేఖ వచ్చే సంబంధం. తొమ్మిదో తరగతి పిల్లలకు దీన్ని మూడు రకాలుగా చూపించవచ్చు.

సూత్రంతో అయితే పని త్వరగా తెములుతుంది. సెల్సియస్‌ను 1.8తో గుణించి 32 కలపాలి. 37 వేస్తే సరిగ్గా 98.6 వస్తుంది. కానీ సరళరేఖ సూత్రాన్ని ‘వై ఈజ్ ఈక్వల్ టు ఎమ్ఎక్స్ ప్లస్ సి’ అని గడగడా అప్పజెప్పే పిల్లల్ని ఆ 1.8 ఏమిటి, 32 ఎందుకు అని అడిగి చూడండి. చాలామంది తెల్లమొహం వేస్తారు.

పట్టిక నిదానం. 0కి 32, 10కి 50, 20కి 68, 30కి 86. ప్రతిసారీ 18 పెరుగుతోందని పిల్లలే కనిపెడతారు. పెరుగుదల మారకపోవడమే రేఖీయ సంబంధానికి ప్రాణం. అయితే వెంటనే వాలు (ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత పెరుగుతుందో ఆ లెక్క) 18 అనేస్తారు. సెల్సియస్ 10 పెరిగితే కదా 18 పెరిగింది, ఒక్క డిగ్రీకి ఎంత అని అడగాలి. 1.8 అక్కడ పుడుతుంది. ఇంకొందరు 10కి 50 అయితే 20కి 100 రావాలి కదా అంటారు. రాదు, లెక్క సున్నా నుంచి కాక 32 నుంచి మొదలైంది కాబట్టి. ఈ పొరపాట్లు పట్టిక దగ్గరే బయటపడాలి. సూత్రంలో ఇవి కనపడకుండా పోతాయి.

గ్రాఫ్‌లో 37కి ఎదురుగా 98, 99 మధ్య ఎక్కడో అని తప్ప కచ్చితంగా తెలియదు. కానీ గీత మూలబిందువు (రెండు విలువలూ సున్నా అయిన చోటు) గుండా పోవడం లేదని చూడగానే తెలుస్తుంది. రెండు కొలతలూ సమానమయ్యే గీతను కూడా గీస్తే, రెండూ మైనస్ 40 దగ్గర కలుస్తాయి. పదో తరగతిలో వచ్చే సమీకరణాల జతకు ఇంతకంటే మంచి పరిచయం నాకు తెలియదు. ప్రమేయం (ఒక్కో ఎక్స్‌కు ఒకే ఒక్క వై ఉండే సంబంధం) సంగతీ ఇక్కడే తేలుతుంది: నిలువు గీత మీద ఒకే ఎక్స్‌కు ఎన్నో వైలు ఉంటాయి, అందుకే అది సరళరేఖే అయినా ప్రమేయం కాదు.

నన్నడిగితే ముందు పట్టిక, తర్వాత గ్రాఫ్. సూత్రాన్ని పిల్లలతోనే రాయించాలి. సిలబస్ అవ్వదేమోనని టీచర్లకు టెన్షన్ ఉంటుంది, అర్థం చేసుకోగలను. అయినా పట్టికకు ఇచ్చే ఒకటి రెండు పీరియడ్లు తగ్గించవద్దు. పరీక్ష నెత్తిమీదకు వచ్చి సూత్రంతోనే మొదలుపెట్టాల్సి వస్తే, కనీసం దాని నుంచి నాలుగు విలువలతో పట్టిక వేయించి, తేడాలు లెక్కపెట్టించండి.